గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ధ్యానం: విశాఖలో ఎవరికి ఏది సరిపడుతుంది

స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి విశాఖలో సలహాలకు కొదవ ఉండదు. పరామర్శకు వచ్చిన బావగారు పిరమిడ్ ధ్యానం అంటారు. పక్క ఫ్లాట్ ఆయన కపాలభాతి చేయమంటారు, తన షుగర్ దానితోనే దిగిందని సాక్ష్యం కూడా చెబుతారు. బెంగళూరులో ఉన్న కూతురు ఫోన్‌లో ఏదో యాప్ వేసిచ్చి వెళ్తుంది. డిశ్చార్జి రోజు డాక్టరుగారు అన్నది మాత్రం ఒకటే మాట: "టెన్షన్ పెట్టుకోకండి." ఎలా పెట్టుకోకుండా ఉండాలో చెప్పే తీరిక ఆయనకు ఉండదు. బయట ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు.

ఈ సలహాలన్నీ ధ్యానం కిందికే వస్తాయి గానీ, గుండె వైపు నుంచి చూస్తే ఇవి ఒకే రకం పనులు కావు. ఒకదానిలో ఊపిరిని దాని మానాన వదిలేసి గమనిస్తూ కూర్చుంటారు. ఇంకోదానిలో పొట్టను లోపలికి కొడుతూ ఊపిరిని నిమిషానికి పదుల సార్లు బయటికి నెడతారు. ఒకటి కుర్చీలో పది నిమిషాల పని, మరొకటి నేల మీద రోజుకు పది గంటల పని. ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్ళు వీటిలో నచ్చింది పట్టుకోవచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం పద్ధతికి ఉన్న పేరును బట్టి కాకుండా, గుండె ఎంత బలంగా రక్తం పంపుతోందో చూపే తమ టూడీ ఎకో స్కాన్ రిపోర్టును బట్టి ఎంచుకోవాలి. ఆ రిపోర్టు ఒకలా ఉన్నవాళ్ళకు మేలు చేసేది ఇంకోలా ఉన్నవాళ్ళకు ఇబ్బంది తెచ్చిపెట్టగలదు.

ఎంత ఆశించవచ్చు

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించి 2017లో ధ్యానం మీద ఒక ప్రకటన ఇచ్చింది. గుండెకు కొంత మేలు ఉండవచ్చు, ఖర్చూ ప్రమాదమూ తక్కువ, అందువల్ల మందులు, వ్యాయామం, పొగ మానడం లాంటి అసలు చికిత్సకు తోడుగా చేసుకోవచ్చు అన్నది దాని సారం. చికిత్సకు బదులుగా చేసుకోవచ్చని అందులో ఎక్కడా లేదు. అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని కూడా ఆ ప్రకటనే ఒప్పుకుంది.

మన దేశంలోనే పెద్ద పరీక్ష ఒకటి జరిగింది. దాని పేరు యోగా-కేర్. గుండెపోటు వచ్చిన 3,959 మందిని 24 ఆసుపత్రుల్లో తీసుకుని, కొందరికి 12 వారాల్లో 13 యోగా, ధ్యానం తరగతులు పెట్టారు. మిగతావాళ్ళకు మామూలుగా ఇచ్చే సలహాలు ఇచ్చారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. మళ్ళీ గుండెపోటు రావడం, పక్షవాతం, మరణం లాంటివి కచ్చితంగా తగ్గాయని చెప్పగలిగేంత తేడా రాలేదు. కానీ యోగా చేసినవాళ్ళు తమ ఒంట్లో బాగుందని ఎక్కువగా చెప్పారు, జబ్బుకు ముందు చేసుకునే పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్ళారు. ఇది చిన్న లాభమేమీ కాదు. స్టెంట్ పడ్డాక మార్కెట్‌కు వెళ్ళడానికి కూడా భయపడి ఇంట్లోనే ఉండిపోయే మనుషులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ధ్యానంతో గుండె ముప్పు 48 శాతం తగ్గుతుందని వాట్సాప్‌లో తిరిగే లెక్క కూడా మీ దాకా వచ్చే ఉంటుంది. అది 2012లో అమెరికాలో 201 మంది నల్లజాతి గుండె రోగుల మీద జరిగిన ట్రాన్సెండెంటల్ మెడిటేషన్ (మనసులో మంత్రం తలచుకుంటూ చేసే ధ్యానం) అధ్యయనంలోది. గుండెపోటు, పక్షవాతం, మరణం కలిపి 48 శాతం తక్కువగా కనిపించాయి. లెక్క నిజమే. కానీ రెండు వందల మందితో తేలినదాన్ని అందరికీ వర్తింపజేసి, "ధ్యానం చేస్తే ముప్పు సగం తగ్గుతుంది" అని చెప్పేవాళ్ళను నేను నమ్మను.

ధ్యానం పనిచేస్తుందని నేను నమ్మే చోటు వేరే ఉంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఛాతీలో చిన్న చురుక్కుమంటే "మళ్ళీ వచ్చేసిందా" అని చెమటలు పట్టడం, ఇంట్లోవాళ్ళ మీద ఊరికే విసుక్కోవడం, మెట్లెక్కాలంటే జంకడం, ఇవీ దానికి లొంగే బాధలు. గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి డిప్రెషన్ వస్తుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి మందులు సరిగ్గా వేసుకోడు, నడవడు, సిగరెట్ మళ్ళీ వెలిగిస్తాడు. గుండెకు దెబ్బ అటు నుంచి తగులుతుంది.

ముందు మీ గుండె సంగతి

స్టెంట్ వేశారు, పంపింగ్ బాగుంది, నడిస్తే నొప్పి లేదు అంటే కింద చెప్పే వాటిలో చాలావరకు మీకు పనికొస్తాయి. మిగతావాళ్ళు కాస్త ఆగి చూసుకోవాలి.

బైపాస్ అయినవాళ్ళకు ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా నేల మీద కూర్చుని చేతులు ఊని లేవడం, చేతులు వెనక్కి లాగి ఛాతీ సాగదీయడం కుదరదు. కాలి నుంచి రక్తనాళం తీసి ఉంటే ఆ కాలు మడిచి గంటల తరబడి కూర్చుంటే వాపు వస్తుంది. పద్మాసనం మాట మర్చిపోండి. కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే చాలు. కుర్చీలో చేస్తే ఫలం తగ్గుతుందని ఎవరన్నా అంటే వినీ విననట్టు ఊరుకోండి.

గుండె పంపింగ్ తగ్గినవాళ్ళలో చాలామందికి వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది. యోగా తరగతి చివర అందరినీ శవాసనంలో పడుకోబెడతారు. మీరు వెనక రెండు మూడు దిండ్లు పెట్టుకుని వాలి కూర్చోండి. లేసిక్స్ లాంటి నీరు తీసే మాత్ర వేసుకున్న మొదటి రెండు గంటల్లో ధ్యానానికి కూర్చోవద్దు. మధ్యలో లేవాల్సి వస్తుందన్న ధ్యాసతోనే ఆ సమయం గడిచిపోతుంది. ఇంత చిన్న సంగతి ఏ గురువూ చెప్పడు గానీ, దీని వల్లే చాలామంది వారంలో మానేస్తారు.

గుండె లయ తప్పేవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం ఛాతీలో పెట్టించుకున్నవాళ్ళ సంగతి వేరు. కళ్ళు మూసుకుని ఛాతీ మీద దృష్టి పెడితే కొందరికి ప్రతి కొట్టుకోవడమూ లెక్కకు వస్తుంది. ఒకటి తప్పినట్టు అనిపిస్తే దడ మొదలవుతుంది. ఒకసారి ఐసీడీ షాక్ కొట్టినవాళ్ళలో ఈ భయం మరీ ఎక్కువ. వీళ్ళు దృష్టిని అరికాళ్ళ మీదో, అరచేతుల మీదో, బయట వినిపించే చప్పుళ్ళ మీదో నిలపాలి. ఫ్యాన్ చప్పుడు, కింద కూరగాయల బండివాడి కేక, ఏదైనా పనికొస్తుంది. ఊపిరే చూడాలన్న నియమం ఏమీ లేదు.

ఇంకొక మాట. ఏ పద్ధతిలో ఉన్నా సరే, ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, కొత్తగా ఆయాసం వస్తే దాన్ని "గమనిస్తూ" కూర్చోకూడదు. నొప్పి వచ్చినా కదలకుండా సాక్షిగా చూడమని చాలా చోట్ల నేర్పుతారు. మోకాలి నొప్పి విషయంలో అది సరే. గుండె నొప్పి విషయంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ఆపేసి, డాక్టరు రాసిచ్చి ఉంటే సార్బిట్రేట్ బిళ్ళ కూర్చునే నాలుక కింద పెట్టుకుని, 108కి ఫోన్ చేయించండి.

ఎనిమిది వారాల కోర్సు

మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం) పేరుతో ఆసుపత్రుల్లో ఎక్కువగా పరీక్షించిన పద్ధతి ఎంబీఎస్ఆర్, అంటే మైండ్‌ఫుల్‌నెస్‌తో ఒత్తిడి తగ్గించే కోర్సు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ 1979లో మొదలుపెట్టారు. ఎనిమిది వారాలు, వారానికోసారి రెండున్నర గంటల తరగతి, మధ్యలో ఒక రోజంతా సాధన, ఇంటి దగ్గర రోజుకు ముప్పావు గంట. కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒళ్ళంతా వరుసగా గమనించడం, కూర్చుని ఊపిరి చూడటం, తేలిక యోగాసనాలు, మెల్లగా నడుస్తూ ఆ నడకను గమనించడం ఇందులో ఉంటాయి. దేవుడి ప్రస్తావన ఉండదు కాబట్టి ఏ మతంవాళ్ళకైనా ఇబ్బంది లేదు.

దీనిలో నాకు నచ్చేది, దీర్ఘరోగంతో బతికేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే దీన్ని తయారు చేయడం. ఒంట్లో నొప్పి ఉన్నవాడు, నిద్ర పట్టనివాడు, సగంలో లేచిపోయేవాడు వస్తారని అనుకునే పాఠాలు రాసుకున్నారు. మంచి టీచరు మొదటి రోజుకు ముందే మీతో విడిగా మాట్లాడి జబ్బులు, మందులు అడుగుతారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎక్కువ కోర్సులు ఆన్‌లైన్‌లో, ఇంగ్లీషులో నడుస్తాయి. ఫీజు వేలల్లో ఉంటుంది. రోజుకు ముప్పావు గంట అంటే ఉక్కునగరంలో ఏ, బీ, సీ షిఫ్టులు మారే ఉద్యోగికి కష్టమే. ఒళ్ళంతా గమనించే సాధనను పడుకుని చేయిస్తారు కాబట్టి ఆయాసం ఉన్నవాళ్ళు ముందే చెప్పుకోవాలి. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి దడ పుట్టేవాళ్ళు పొట్ట నుంచి నేరుగా భుజాలకు వెళ్ళిపోవచ్చు, ఛాతీని దాటేసినంత మాత్రాన నష్టమేమీ లేదు. ఇంగ్లీషు అలవాటు ఉండి, గుండెపోటు తరువాత భయం పట్టుకుని, పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న యాభై ఏళ్ళ మనిషికి నేను ముందుగా చెప్పేది ఇదే. డెబ్బై ఏళ్ళ అమ్మగారికి మాత్రం చెప్పను.

ఊపిరి పద్ధతులు: నెమ్మది ఒకటి, వేగం ఒకటి

ఈ రెండింటినీ కలిపి ప్రాణాయామం అనేయడంతోనే పేచీ వస్తుంది.

నెమ్మది ఊపిరి గుండెకు అనుకూలం. మనం మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరు దగ్గరికి తెస్తే, మెడ రక్తనాళాల్లోనూ గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలోనూ ఉండే బీపీని కనిపెట్టే నాడులు చురుకవుతాయి. బీపీ పెరిగితే గుండెను నెమ్మదింపజేయడం వాటి పని. గుండె బలహీనపడ్డవాళ్ళలో ఈ ఏర్పాటు మందగిస్తుంది. ఇటలీకి చెందిన బెర్నార్డీ బృందం 2002లో గుండె వైఫల్యం ఉన్న రోగుల్లోనే నెమ్మది ఊపిరితో ఇది మెరుగుపడటం చూపించింది.

అదే బృందం 2001లో చేసిన ఇంకో పని నాకు మరీ ఇష్టం. 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మేరీమాత జపమాల చదివించారు, తరువాత ఓం మణి పద్మే హుం చదివించారు. రెండింటిలోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది. ఎవరూ లెక్కపెట్టమని చెప్పలేదు. మన ఊళ్ళో హార్బరు దగ్గర ఒకదాని పక్కన ఒకటిగా వెంకటేశ్వర కొండ, దర్గా కొండ, రాస్ హిల్ ఉన్నాయి. ఆ మూడు కొండలకూ వెళ్ళే పెద్దవాళ్ళలో చాలామందికి ఏదో ఒక జపం నోటికి వచ్చే ఉంటుంది. అలాంటివాళ్ళకు కొత్తగా ఏ కోర్సూ అక్కర్లేదు. హడావిడిగా లెక్క పూర్తి చేయడం మానేసి, ఒక్కో వాక్యానికి ఒక్కో ఊపిరి చొప్పున చదివితే చాలు. మా అమ్మమ్మల తరం విష్ణు సహస్రనామం ఊపిరి ఆగకుండా చదివి "అయిపోయింది" అనిపించుకునేది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఆ వేగం వద్దు. రోజుకు సగమే చదివినా పరవాలేదు.

జపం ఇష్టం లేనివాళ్ళు నాలుగు అంకెలు లెక్కిస్తూ పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలవచ్చు. మధ్యలో బిగబట్టవద్దు. తల తిరిగినా, ఊపిరి చాలనట్టు అనిపించినా మామూలు ఊపిరికి వచ్చేయండి. తుమ్మెదలా మూలుగుతూ వదిలే భ్రామరి కూడా ఈ కోవలోదే, రాత్రిపూట బాగుంటుంది.

వేగం ఊపిరి సంగతి వేరు. కపాలభాతి, భస్త్రిక చేస్తుంటే కడుపులోనూ ఛాతీలోనూ ఒత్తిడి మారిపోతూ ఉంటుంది, గుండె వేగం పెరుగుతుంది. కేంద్ర ఆయుష్ శాఖ యోగా దినోత్సవం కోసం తయారు చేసిన 45 నిమిషాల ఉమ్మడి పద్ధతిలో కపాలభాతి ఉంది, గుండె జబ్బు, హైబీపీ ఉన్నవాళ్ళు దాన్ని మానాలన్న హెచ్చరికా అందులోనే ఉంది. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు లక్షల మందితో యోగా చేయించిన ఊరు మనది. ఆ ఊపులో చాలా అపార్ట్‌మెంట్లలో, పార్కుల్లో తరగతులు మొదలయ్యాయి, సంతోషం. కానీ ముందు వరుసలో ఉన్నాయన ఎలా చేస్తే వెనకవాళ్ళూ అలాగే చేస్తారు. కపాలభాతి చేయిస్తున్నంతసేపూ మీరు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోండి, మొహమాటపడకండి. ఆర్ట్ ఆఫ్ లివింగ్‌వాళ్ళు నేర్పే సుదర్శన క్రియలో కూడా భస్త్రిక, వేగంగా తీసే ఊపిరి భాగాలు ఉంటాయి. చేరేముందే జబ్బు చెప్పి, కార్డియాలజిస్టును అడిగాకే డబ్బు కట్టండి.

ఊపిరి బిగబట్టే కుంభకం, తలకిందుల ఆసనాలు గుండె రోగులకు అక్కర్లేదు. ఇందులో రెండో అభిప్రాయానికి నేను చోటివ్వను.

ఉచితంగా నేర్పే కేంద్రాలు

బ్రహ్మకుమారీలు, హార్ట్‌ఫుల్‌నెస్, పిరమిడ్ సొసైటీ ఈ మూడూ డబ్బు తీసుకోవు, తెలుగులో చెబుతాయి, మన జిల్లాలో పేటపేటకూ ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు ఉంటారు. పెద్దవాళ్ళకు ఇది చాలా పెద్ద సదుపాయం. పైగా ఒంటరిగా ఉండేవాళ్ళకు రోజూ నలుగురు కలిసే చోటు దొరుకుతుంది. గుండె జబ్బులో ఒంటరితనం కూడా లెక్కలోకి వచ్చేదే.

బ్రహ్మకుమారీల రాజయోగంలో కళ్ళు తెరిచే కూర్చుంటారు. కళ్ళు మూస్తే దడ వచ్చేవాళ్ళకు, నిద్రలోకి జారిపోయేవాళ్ళకు ఇది కలిసొస్తుంది. ఏడు రోజుల పరిచయ తరగతులతో మొదలవుతుంది. వాళ్ళ తత్వబోధ కూడా పాఠంలో భాగం, అది మీకు నచ్చుతుందో లేదో రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

హార్ట్‌ఫుల్‌నెస్‌లో హృదయంలో వెలుగు ఉందన్న భావన మీద నిలవమంటారు. కొందరికి ఇది హాయిగా ఉంటుంది, ఇన్నాళ్ళూ భయపెట్టిన చోటే నిమ్మళం దొరికినట్టు ఉంటుంది. మరికొందరికి సరిగ్గా ఆ చోటు మీదికే దృష్టి మళ్ళించడం గుబులు పుట్టిస్తుంది. మీరు ఏ రకమో ఒకసారి కూర్చుంటే తెలిసిపోతుంది. గుబులైతే బలవంతం చేసుకోకండి.

పిరమిడ్ ధ్యానంలో సహజమైన ఊపిరిని గమనిస్తూ కూర్చోవడమే పని, కుర్చీలోనూ చేయవచ్చు. పద్ధతిగా చూస్తే ఇది ఎంబీఎస్ఆర్‌లో ఊపిరి చూసే భాగానికి దగ్గరే. తేడా సమయంలో వస్తుంది. ఎన్నేళ్ళ వయసో అన్ని నిమిషాలు కూర్చోవాలన్నది అక్కడ వినిపించే లెక్క. అరవై అయిదేళ్ళవాడు ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలోనే గంటకు పైగా కదలకుండా కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, లేవగానే కళ్ళు తిరుగుతాయి. పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోండి.

ఈ మూడింటిలోనే కాదు, ఎక్కడికి వెళ్ళినా "నాకు బ్లాకులు కరిగిపోయాయి, మాత్రలు మానేశాను" అనే అనుభవాలు చెప్పేవాళ్ళు తగులుతారు. స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్ర మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే గడ్డకట్టి ప్రాణం పోవచ్చు. అలాంటి మాట వేదిక మీద నుంచి వినిపించిన రోజు ఆ కేంద్రం మార్చేయండి.

పది రోజుల విపశ్యన

విపశ్యన అంటే మౌనంగా కూర్చుని ఊపిరినీ, ఒంట్లో కలిగే స్పర్శలనూ గమనించే బౌద్ధ ధ్యానం. దాన్ని మన దేశంలో వ్యాప్తిలోకి తెచ్చిన గోయెంకాగారి సంప్రదాయంలో ఇది ఉచితం, విరాళాల మీద నడుస్తుంది. మనకు ఏలూరు దగ్గర విజయరాయిలో కేంద్రం ఉంది. పొద్దున నాలుగింటికి లేవాలి, రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి, మాట్లాడకూడదు, ఫోన్ ఇచ్చేయాలి. కొత్తవాళ్ళకు సాయంత్రం అయిదింటికి పండ్లు, టీ తప్ప రాత్రి భోజనం ఉండదు. తొట్లకొండ, బావికొండ మీద రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు బతికిన తీరు దీనికి దగ్గరగా ఉండి ఉంటుంది. అయితే వాళ్ళు రాత్రి అన్నం తిన్నాక వేసుకునే షుగర్ మాత్రలు లేని మనుషులు. గుండెపోటో ఆపరేషనో అయిన మొదటి ఆరు నెలల్లో దీని జోలికి వెళ్ళవద్దనే నేను చెబుతాను. ఆ తరువాతైనా దరఖాస్తులో జబ్బు దాచకుండా రాసి, మందుల వేళలు ముందే ఒప్పించుకుని వెళ్ళాలి.

నడక

కూర్చుంటే మనసు నిలవనివాళ్ళు చాలామంది. వాళ్ళకు నడకే మంచిది, ఎలాగూ డాక్టరు నడవమన్నారు. చెవిలో పాటలు, పక్కన రాజకీయాలు లేకుండా అడుగు పడటాన్ని, గాలి తగలడాన్ని గమనిస్తూ మొదటి పది నిమిషాలు నడిస్తే సాధన కూడా అయిపోతుంది.

చోటు ఎంచుకోవడంలోనే కిటుకు ఉంది. కాళీమాత గుడి నుంచి వుడా పార్కు వైపు బీచ్ రోడ్డు చదునుగా ఉంటుంది. ఇసుకలో నడవకండి, ఇసుక అడుగడుక్కీ కాలిని లాగి గుండె మీద భారం పెంచుతుంది. పాండురంగపురం డౌన్ మీదుగా, సిరిపురం నుంచీ బీచ్‌కు దిగి వచ్చేవాళ్ళకు వెళ్ళేటప్పుడు హాయే, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడే ఎక్కుడు. ఆటో ఎక్కి రావడంలో తప్పు లేదు. ఎంవీపీ కాలనీ, ఉక్కునగరం రోడ్లు ఇంకా నయం, నీడ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతకు ఏడు దాటితే బయట ఉండవద్దు. నడుస్తూ మాట్లాడగలిగేంత వేగమే మీ వేగం, మాటకు ఊపిరి అందకపోతే తగ్గించండి.

సింహాచలం గిరిప్రదక్షిణ గురించి ప్రతి ఆషాఢంలోనూ అడుగుతారు. ముప్పై రెండు కిలోమీటర్లు, రాత్రంతా, జనంలో. అది భక్తి, దాన్ని ధ్యానం లెక్కలో వేసుకోకండి. వెళ్ళాలా వద్దా అన్నది కార్డియాలజిస్టు చెప్పాలి.

యాప్‌లు

నెదర్లాండ్స్‌లో 324 మంది గుండె రోగులకు ఆన్‌లైన్‌లో 12 వారాలు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పి 2015లో ఫలితం ప్రచురించారు. ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం కొద్దిగా పెరిగింది, గుండె వేగం కొద్దిగా తగ్గింది. ఫోన్‌తో కూడా కొంత సాధ్యమేనన్నమాట. హెడ్‌స్పేస్, కామ్ ఇంగ్లీషువాళ్ళకు సరే. ఇన్‌సైట్ టైమర్‌లో ఉచితంగా గంట మోగేలా పెట్టుకుని మీ జపమో, మీ ఊపిరో చేసుకోవచ్చు. చిక్కల్లా ఒకటే: తల తిరుగుతోందని చెప్పినా యాప్‌కు వినపడదు. మొదటి నెల ఇంట్లో ఎవరో ఒకరు పక్క గదిలో ఉన్నప్పుడే చేయండి. నోటిఫికేషన్లు ఆపకుండా ధ్యానం యాప్ పెట్టుకోవడం మరీ విడ్డూరం.

ఏది పట్టుకోవాలి

రాత్రి భయమే మీ బాధ అయితే మంచం తలవైపు ఎత్తు పెట్టుకుని నెమ్మది ఊపిరో భ్రామరో, దానితో పాటు పగటి పూట నడక. పంపింగ్ తక్కువైతే కుర్చీలో జపం లేదా సహజ ఊపిరి, పది నిమిషాలు దాటకుండా. ఐసీడీ, దడ ఉన్నవాళ్ళు కళ్ళు తెరిచి చేసే పద్ధతి, లేదా చప్పుళ్ళు వినే సాధన. కోపం, ఆఫీసు ఒత్తిడితో జబ్బు తెచ్చుకున్నాననుకునేవాళ్ళకు ఎంబీఎస్ఆర్ ఖర్చు వృథా కాదు, ఎందుకంటే మాట జారేముందు ఒక్క క్షణం ఆగడం అక్కడ పాఠంగా నేర్పుతారు. ఆసనాలతో కలిపి నేర్చుకోవాలంటే యోగాను చదువుగా చెప్పే చోటికి వెళ్ళండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యోగాకు ప్రత్యేక విభాగం ఉంది, అక్కడ చదువుకున్న టీచర్లు నగరంలో దొరుకుతారు.

టీచరును ఎంచేటప్పుడు వాళ్ళు మీకేం చెబుతారో కన్నా, మిమ్మల్ని ఏం అడుగుతారో చూడండి. ఎప్పుడు జబ్బు చేసింది, ఏ మందులు వాడుతున్నారు, పడుకుంటే ఆయాసం వస్తుందా, మెట్లెక్కగలరా అని అడగని మనిషి దగ్గర చేరవద్దు. మధ్యలో ఆపి లేచిపోతే ఏమంటారో మొదటి రోజే అడగండి. "లేవండి, పరవాలేదు" అన్న సమాధానం రావాలి.

పద్ధతి ఏదైనా ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడాలి. మూడు పద్ధతులు ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలీదు. కొలవడానికి బ్లాకులు, కొలెస్ట్రాల్ అక్కర్లేదు. ఎన్ని రాత్రులు పడుకున్నారు, ఇంట్లో ఎన్నిసార్లు కసురుకున్నారు, నడక ఎన్ని రోజులు సాగింది, మాత్రలు మరిచారా, ఇవి డైరీలో రాసుకోండి. కసురుకున్న లెక్క మాత్రం భార్యతోనో కొడుకుతోనో రాయించండి, మీ చేతిలో అది తగ్గిపోతుంది.

లేచేటప్పుడు ఒక నిమిషం కుర్చీలోనే కూర్చుని లేవండి. బీపీని, గుండె వేగాన్ని తగ్గించే మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకు చటుక్కున లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే సాధన రోజుల్లో అదే వేళకు చూసి రాసి, తరువాతి చెకప్‌కు ఆ కాగితం తీసుకెళ్ళండి. బీపీ బాగా తగ్గుతూ తల తిరుగుతుంటే మాత్ర మోతాదు మార్చాలో వద్దో డాక్టరు చూస్తారు. సొంతంగా సగం చేసుకోవద్దు.

ఎనిమిది వారాలు చేసినా దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన ఉంటే అది ధ్యానం సరిగ్గా చేయకపోవడం వల్ల కాదు. దానికి వేరే వైద్యం ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడిదాకా వెళ్ళడానికి మనసు రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. కార్డియాలజిస్టుకు కూడా ఆ విషయం చెప్పండి, ఎందుకంటే డిప్రెషన్ మందుల్లో గుండెకు పడేవీ పడనివీ ఉంటాయి.